నుదుట బూడిద: సీమలో ఒక చర్చిలో ఉండి, పక్క చర్చిలో ఎందుకు ఉండదు?

క్లుప్తంగా: ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం ‘బూడిద బుధవారం’ నాడు మొదలవుతుంది. ఆ రోజు కతోలిక దేవాలయాల్లో నుదుట బూడిదతో సిలువ గుర్తు వేస్తారు. అదే ఊళ్లోని బాప్తిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో ఆ ఆచారం లేదు. సి.ఎస్‌.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) చర్చిలు ఆ రోజును పాటిస్తాయి గాని బూడిద విషయంలో అన్నిచోట్లా ఒకే తీరు లేదు. ఈ తేడాలకు మూలం ఏ మిషను ఏ దారిన రాయలసీమకు వచ్చిందన్న చరిత్రలో ఉంది. ఇక బూడిద భావం శైవ విభూతికీ దర్గా ఊదికీ దగ్గరిది కాదు. దుఃఖంలో నెత్తిన మన్ను పోసుకునే చేష్టకు దగ్గరిది.

2026 ఫిబ్రవరి 15న మహాశివరాత్రి, 18న బూడిద బుధవారం, 19న రంజాన్ ఉపవాసాల ఆరంభం వచ్చాయి. శ్రీశైలం నుంచి విభూతి ధరించి తిరిగివచ్చిన భక్తులు, నుదుట నల్లటి సిలువతో దేవాలయం నుంచి బయటికి వచ్చిన కతోలికులు, సహరీకి, అంటే తెల్లవారుజాము భోజనానికి లేవడానికి సిద్ధమవుతున్న ముస్లిం కుటుంబాలు కర్నూలులోనూ కడపలోనూ ఒకే వీధిలో ఒకే వారంలో ఎదురుపడే సందర్భం అది. ఇలాంటి సమయాల్లోనే కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ తలెత్తుతాయి. క్రైస్తవులకు బూడిద ఎక్కడిది, ఇది శైవాన్ని చూసి నేర్చుకున్నదా, బైబిలులో ఉందా, ఉంటే క్రైస్తవులందరూ ఎందుకు పెట్టుకోరు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. వాట్సాప్‌లో తిరిగే జవాబులు సాధారణంగా రెండు కొసలవి. ఇది పూర్తిగా బైబిలు ఆచారమని ఒకటి, పూర్తిగా అన్యాచారమని ఇంకొకటి. చరిత్ర ఈ రెండింటితోనూ ఏకీభవించదు.

తేదీ ఎలా కుదురుతుంది

ముందుగా తేదీల సంగతి చూడాలి. శివరాత్రి, బూడిద బుధవారం దగ్గరదగ్గరగా రావడం యాదృచ్ఛికం కాదు, ఒకరిని చూసి మరొకరు పెట్టుకున్న ఏర్పాటూ కాదు. మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టరు. ఈ పౌర్ణమిని ఆకాశంలో చూసి కాక చర్చి పట్టికల లెక్క ప్రకారం నిర్ణయిస్తారు. ఈస్టరు నుంచి వెనక్కి 46 రోజులు లెక్కిస్తే బూడిద బుధవారం వస్తుంది. మధ్యలో పడే ఆరు ఆదివారాలు పునరుత్థానాన్ని స్మరించే రోజులు కాబట్టి వాటిలో ఉపవాసం ఉండదు. వాటిని తీసేస్తే మిగిలేవి నలభై. ఈ లెక్కన బూడిద బుధవారం ఫిబ్రవరి 4కు ముందు రాదు, మార్చి 10 దాటిపోదు.

పౌర్ణమి దాటిన వారం రోజుల్లోపు వచ్చే ఆదివారం నుంచి 46 రోజులు వెనక్కి వెళితే, అంటే దాదాపు ఒకటిన్నర చాంద్రమాసం వెనక్కి వెళితే, తేలేది అమావాస్య పరిసరాలే. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, అమావాస్యకు ముందు రోజు. రంజాన్ నెలవంకతో మొదలవుతుంది, అంటే అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకు. అందువల్ల శివరాత్రి, బూడిద బుధవారం అయితే ఒకే అమావాస్యకు అటూ ఇటూ పడతాయి, లేకుంటే సుమారు ఒక నెల ఎడంగా పడతాయి. 2023లో ఫిబ్రవరి 18న శివరాత్రి, 22న బూడిద బుధవారం. 2025లో ఫిబ్రవరి 26, మార్చి 5. 2024లో మాత్రం బూడిద బుధవారం ఫిబ్రవరి 14న వచ్చి, శివరాత్రి మార్చి 8 దాకా ఆగింది. 2027లోనూ ఫిబ్రవరి 10న బూడిద బుధవారం, మార్చి 6న శివరాత్రి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది కాబట్టి ఈ మూడూ ఒకచోట చేరే ఏళ్లు కొద్దిగానే ఉంటాయి.

బూడిదకు మూలం: దుఃఖం, ఆ తర్వాత శిక్ష

బైబిలు పాత నిబంధనలో బూడిద కనిపించే చోట్లన్నీ దాదాపు దుఃఖానివో పశ్చాత్తాపానివో. తామారు తనకు జరిగిన అన్యాయానికి తల మీద బూడిద పోసుకుని ఏడుస్తూ వెళ్లింది. యూదులను చంపమన్న ఆజ్ఞ విని మొర్దెకై గోనెపట్ట కట్టుకుని బూడిద పోసుకున్నాడు. యోనా ప్రకటన విన్న నీనెవె రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. యోబు ధూళిలోనూ బూడిదలోనూ పశ్చాత్తాపపడుతున్నానన్నాడు. సువార్తల్లో యేసు కూడా తూరు, సీదోను పట్టణాలను ప్రస్తావిస్తూ గోనెపట్ట, బూడిద అనే జోడీని వాడాడు. ఇవేవీ ఏటా ఫలానా రోజు బూడిద పెట్టుకోవాలన్న ఆజ్ఞలు కావు. కాబట్టి బూడిద చేష్ట బైబిలులో ఉందన్నది నిజం. బూడిద బుధవారం బైబిలులో లేదన్నదీ నిజం. వాదనలు చాలా వరకు ఈ రెండు వాక్యాలను కలగలపడం వల్లనే పుడుతున్నాయి.

ఆ చేష్ట ఒక క్యాలెండరు ఆచారంగా మారడానికి దాదాపు వెయ్యేళ్లు పట్టింది. తొలి శతాబ్దాల్లో హత్య, వ్యభిచారం, విశ్వాసత్యాగం వంటి ఘోరపాపాలు చేసినవారు సంఘం ముందు బహిరంగంగా ప్రాయశ్చిత్తం చేయాల్సి ఉండేది. గోనె, బూడిద ధరించి వారు పడే తపన గురించి క్రీ.శ. 200 ప్రాంతంలోనే క్రైస్తవ రచయిత తెర్తుల్లియను రాశాడు. తర్వాతి కాలంలో ఇలాంటివారిని ఉపవాస కాలం ఆరంభంలో బూడిద చల్లి దేవాలయం నుంచి బయటికి పంపేవారు. ఈస్టరుకు ముందు వచ్చే పెద్ద గురువారం నాడు తిరిగి చేర్చుకునేవారు. 325 నాటి నిసియా మహాసభ తీర్మానాల్లో నలభై రోజుల కాలం ప్రస్తావన ఉంది గాని, అప్పటికి ఆరంభం బుధవారం కాదు. ఆదివారాలను మినహాయించి సరిగ్గా నలభై ఉపవాస దినాలు రావాలన్న లెక్కతో ఆరంభాన్ని తర్వాత బుధవారానికి జరిపారు.

బహిరంగ ప్రాయశ్చిత్త పద్ధతి క్రమంగా సన్నగిల్లింది. బూడిద మాత్రం పోలేదు. కొందరు పాపులకు గుర్తుగా ఉన్నది అందరికీ గుర్తయింది. పోపు రెండవ అర్బను ఆధ్వర్యంలో 1091లో జరిగిన బెనెవెంతో సభ గురువులూ (చర్చి పూజారులూ) సామాన్యులూ, పురుషులూ స్త్రీలూ అందరూ బూడిద స్వీకరించాలని చెప్పింది. ఈ మలుపు గమనించదగినది. బహిష్కరణకు చిహ్నమైన బూడిదను సంఘం మొత్తం స్వచ్ఛందంగా తలకెత్తుకుంది, తప్పు చేసినవారెవరు చేయనివారెవరు అన్న విభజన ఆ ఒక్క రోజుకు చెరిగిపోయింది. చర్చి ఆచారాల్లో శిక్ష సమానత్వంగా మారిన సందర్భాలు ఎక్కువ లేవు.

నెత్తిన చల్లడమా నుదుట సిలువ వేయడమా అన్నది ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. ఇటలీ, స్పెయిన్, పోలండు దేశాల్లో ఎక్కువగా నడినెత్తిన పొడి బూడిద చల్లుతారు. మన దేశంలో నుదుట సిలువ గుర్తే అలవాటు. కోవిడ్ కాలంలో, 2021 జనవరిలో వాటికన్ ఇచ్చిన సూచన ప్రకారం గురువు మంత్రవాక్యాన్ని అందరికీ కలిపి ఒక్కసారే చెప్పి, మాస్కు ధరించి, మౌనంగా బూడిద చల్లాల్సివచ్చింది. కొందరికి అది కొత్త పద్ధతిలా తోచింది గాని నిజానికి పాతదే.

మట్టల నుంచి మసి దాకా

ఈ బూడిద ఏ పొయ్యిలోదో కాదు. ముందటి ఏడాది మట్టల ఆదివారం నాడు, అంటే ఈస్టరుకు ముందటి ఆదివారం నాడు ఆశీర్వదించిన మట్టలను కాల్చి చేసినది. యెరూషలేములోకి యేసు ప్రవేశించినప్పుడు జనం ఖర్జూర మట్టలు పట్టుకున్నారని సువార్త చెబుతుంది. సీమలో వాగుల వెంబడి, చెరువు కట్టల మీద దొరికే ఈత మట్టలు ఆ స్థానాన్ని తీసుకున్నాయి. ఈత ఖర్జూరానికి దగ్గరి జాతి చెట్టే కాబట్టి ప్రత్యామ్నాయం బాగానే కుదిరింది. కొబ్బరి ఆకులూ వాడతారు. పూజ అయ్యాక ఆ ఆకును సిలువ ఆకారంలో మడిచి ఇంటికి తెచ్చి గుమ్మం పైనో పటం వెనుకనో దోపుతారు. ఏడాది గడిచేసరికి అది ఎండి, పసుపు వన్నెకు తిరిగి, అంచులు చిట్లి ఉంటుంది. బూడిద బుధవారానికి ముందు ఆదివారాల్లో వాటిని దేవాలయానికి తిరిగి తెచ్చి ఇవ్వమని గురువు ప్రకటిస్తారు.

కాల్చే పద్ధతిలో ఒక మెళకువ ఉంది. ఎండుటాకును మూకుట్లో వేసి గాలి బాగా ఆడేట్టు మండనిస్తే తెల్లటి, తేలికైన బూడిద మిగులుతుంది. అది నుదుట నిలవదు, కనిపించదు. మంట లేచాక మూత వేసి గాలి తగ్గిస్తే ఆకు పూర్తిగా కాలకుండా బొగ్గుగా మారి నల్లటి మసి ఇస్తుంది. దానిని రోట్లోనో రాతి మీదనో మెత్తగా నూరి, పలుచటి గుడ్డలో జల్లించి గిన్నెకెత్తుతారు. నలుపుకు కారణం కాలకుండా మిగిలిన కర్బనం. చర్మానికి అతుక్కునేదీ అదే.

ఈ తేడా రంగుకు మాత్రమే సంబంధించినది కాదు. పూర్తిగా కాలిన బూడిదలో పొటాషియం, కాల్షియం లవణాలు ఉంటాయి. నీళ్లు కలిస్తే అవి క్షార ద్రావణంగా మారతాయి. పాత రోజుల్లో బూడిదతో గిన్నెలు తోమడానికీ, బూడిద నీళ్లతో మాసిన బట్టలు ఉడకబెట్టడానికీ పనికొచ్చింది ఆ గుణమే. తెల్ల బూడిదలో నీళ్లు కలిపి చాలాసేపు నిల్వ ఉంచి నుదుట పెడితే సున్నితమైన చర్మం మంట పుట్టడానికి, పసిపిల్లలకైతే బొబ్బ లేవడానికి కూడా అవకాశం ఉంది. పొడిగా పెట్టడం, లేదా పెట్టే ముందే ఒకటి రెండు చుక్కల ఆశీర్వదించిన నీళ్లు చిలకరించడం అందుకే మేలు.

బూడిద పెడుతూ గురువు చెప్పే మాటలు రెండు రకాలు. ఆదికాండంలోని ‘నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు’ అనే వాక్యం మీద ఆధారపడినది పాతది. మారుమనస్సు పొంది సువార్త నమ్మమనే మార్కు సువార్త వాక్యాన్ని రెండో ఎంపికగా 1970 నాటి పూజా గ్రంథంలో చేర్చారు. మొదటిది చావును గుర్తుచేస్తుంది, రెండోది బతుకును మార్చుకోమంటుంది. ఆశీర్వదించిన బూడిద కతోలిక లెక్కలో దివ్యసంస్కారం కాదు, దానికంటే కింది స్థాయి పవిత్ర చిహ్నం మాత్రమే. అందుకే దానిని స్వీకరించడానికి జ్ఞానస్నానం (బాప్తిస్మం) తప్పనిసరి కాదు. జనం ఎక్కువైతే కన్యస్త్రీలు, ఉపదేశకులు కూడా పంచుతారు. ఆ బుధవారం పూజకు రావడం కతోలికులకు ఆదివారంలా విధి కూడా కాదు. అయినా ఆ సాయంత్రం దేవాలయాలు ఆదివారం కంటే నిండుగా ఉండడం విచిత్రం.

ఏ మిషను ఎక్కడ దిగింది

పదహారో శతాబ్దపు మతసంస్కరణ ఐరోపా క్రైస్తవాన్ని చీల్చినప్పుడు వివాదాస్పదమైన వాటిలో ఈ ఉపవాస కాలం ఒకటి. జూరిచ్‌లో 1522లో ఒక అచ్చుపనివాడి ఇంట్లో ఉపవాస రోజుల్లో సాసేజీలు తినడం పెద్ద గొడవైంది. లేఖనంలో లేని నిషేధానికి ఎవరూ కట్టుబడనక్కరలేదని అక్కడి సంస్కర్త జ్వింగ్లీ వారిని సమర్థించాడు. లూథరు అనుచరులు ఉపవాస కాలాన్ని ఉంచుకున్నారు. ఇంగ్లండులో 1548లో బూడిద పెట్టడాన్ని ప్రభుత్వమే ఆపించింది. ఆ రోజు పేరును, ప్రార్థనను మాత్రం 1549 ప్రార్థనా గ్రంథం నిలిపింది. అక్కడి ప్యూరిటన్లు, అంటే సంస్కరణ ఇంకా జరగాలన్న తీవ్రవాదులు, ఇంకా ముందుకు వెళ్లి, పండుగ దినాలకు దేవుని వాక్యంలో ఆధారం లేదంటూ 1645లో అన్నింటినీ తోసిపుచ్చారు.

అక్కడి ఈ చీలికలు ఇక్కడికి వరుసగా దిగుమతి అయ్యాయి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. తర్వాత గుత్తి, జమ్మలమడుగు, అనంతపురం దాని కేంద్రాలయ్యాయి. దాన్ని నడిపినవారిలో ఎక్కువమంది ప్యూరిటన్ల వారసులైన కాంగ్రిగేషనల్ సంఘస్థులు, అంటే బూడిదే కాదు, బూడిద బుధవారం కూడా లేని సంప్రదాయం. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ముత్యాలపాడులో, ఆపైన నంద్యాలలో స్థిరపడినది ఆంగ్లికన్ మిషను. వీరికి ఆ రోజు ఉంది, ఉపవాసం ఉంది, ఊదా వస్త్రాలు ఉన్నాయి. నుదుట బూడిద మాత్రం మూడు వందల ఏళ్ల కిందటే పోయింది. కర్నూలు పట్టణానికి 1870ల్లో వచ్చినవారు అమెరికన్ బాప్తిస్టులు. వీరి దృష్టిలో నీటి బాప్తిస్మం, ప్రభు భోజనం మినహా మిగిలిన చిహ్నాలకు స్థానం లేదు.

కతోలికుల రాక వీటన్నింటికంటే ముందే జరిగింది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశకాల్లో పుంగనూరు వైపు నుంచి ఫ్రెంచి జేసు సభ (జెసూట్) గురువులు అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం, మదిగుబ్బ దాకా వచ్చారు. ఇప్పటి మేత్రాసనాలు (పీఠాధిపతి, అంటే బిషప్పు పాలనలోని ప్రాంతాలు) మాత్రం ఇటీవలివే. కర్నూలు మేత్రాసనం 1967లో, కడప మేత్రాసనం 1976లో ఏర్పడ్డాయి. కర్నూలు జిల్లాలో పుట్టి అక్కడే పీఠాధిపతిగా పనిచేసిన పూల ఆంతోని 2022లో కార్డినల్ అయ్యారు, ఆ హోదా పొందిన తొలి దళితుడు ఆయన.

1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ ధారలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్‌.ఐ. ఏర్పడింది. నంద్యాల ప్రాంత ఆంగ్లికన్లలో చాలామంది మొదట అందులో చేరకుండా విడిగా ఉండిపోయి, తర్వాత కలిశారు. ఫలితంగా ఒకే సి.ఎస్‌.ఐ. బోర్డు కింద రెండు జ్ఞాపకాలు ఉన్నాయి. పాత లండన్ మిషను ఊళ్లలో ఈ నలభై రోజులు ‘శ్రమకాల ధ్యానాలు’గా గడుస్తాయి. సాయంత్రం ఒక్కో ఇంట్లో ఒక్కో రోజు కూటం, పాటలు, సిలువ శ్రమల మీద వర్తమానం, చివర టీ. నంద్యాల వైపు ఆరాధన క్రమానికీ రంగులకూ ప్రాధాన్యం ఎక్కువ. బాప్తిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో శుభ శుక్రవారమూ ఈస్టరూ ఉంటాయి గాని బుధవారం ఉండదు. అలాగని వారికి ఉపవాసం లేదనుకోవడం పొరపాటు. శుక్రవారపు ఉపవాస ప్రార్థనలు ఏడాది పొడవునా జరిగేది ఎక్కువగా వారి మందిరాల్లోనే. కేరళ నుంచి వచ్చి ఇక్కడి బడుల్లో, ఆసుపత్రుల్లో సేవ చేసే సీరో మలబార్ (కేరళకు చెందిన కతోలిక శాఖ) కన్యస్త్రీల స్వస్థలంలోనైతే ఈ కాలం బుధవారం కాక రెండు రోజుల ముందు సోమవారమే మొదలవుతుంది.

విభూతి, ఊది, బూడిద

ప్రపంచంలో చాలాచోట్ల బూడిద బుధవారం నాటి గుర్తుకు పోటీగా మరో బూడిద ఉండదు. రాయలసీమ పరిస్థితి వేరు. శ్రీశైలం, మహానంది, యాగంటి క్షేత్రాల విభూతి ఒకవైపు. పుట్టపర్తి సత్యసాయిబాబా పేరుతో విడదీయరాని విభూతి మరొకవైపు. గూగూడు వంటిచోట్ల పీర్ల పండుగలో అగ్నిగుండం నుంచి తీసి నుదుట పెట్టుకునే బూడిద, దర్గాల్లో ఇచ్చే ఊది ఇంకొకవైపు. ఇక్కడి మనిషికి బూడిద అనగానే స్ఫురించేది రక్ష, స్వస్థత, దీవెన. బిడ్డకు జ్వరమొస్తే పెట్టేది, ప్రయాణానికి ముందు పెట్టుకునేది, కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకునేది.

క్రైస్తవ బూడిద చెప్పేది దాదాపు దీనికి ఎదురుగా ఉంటుంది. అది కాపాడతానని మాట ఇవ్వదు, చస్తావని గుర్తుచేస్తుంది. శైవ విభూతి ఆవుపేడ పిడకలను కాల్చి చేసిన తెల్లటి భస్మం, మూడు అడ్డగీతలుగా నిత్యం ధరించేది. బూడిద బుధవారపు మసి ఏడాదికి ఒక్కసారి, సిలువగా, గురువు చేత పెట్టించుకునేది, ఇంటికి తెచ్చుకునే ఆచారం లేనిది. అయినా పూజ అయ్యాక ఇంట్లో మంచాన పడ్డవారి కోసం చిటికెడు బూడిద అడిగేవారు ఉంటారు. గురువులు కొన్నిసార్లు వారి ఇంటికే వెళ్లి పెడతారు. దీనిని అవగాహన లేమిగా కొట్టిపారేయడం తేలిక. పక్కింటి మతభాషలోనే ప్రతి ఆచారమూ మొదట వినబడుతుందన్నది ఇక్కడ అసలు సంగతి.

సీమ జీవితంలో ఈ బూడిదకు సరైన పోలిక గుడిలోనూ దర్గాలోనూ లేదు. చావింటి ముందు, పంట పోయిన చేను గట్టు మీద, గుప్పెడు దుమ్ము నెత్తిన పోసుకుని ఏడ్చే చేష్టలో ఉంది. తామారు చేసింది, మొర్దెకై చేసింది అదే.

ఈ రెండు బూడిదల మధ్య గీత గీయడానికి చర్చి ప్రయత్నించిన చరిత్ర కూడా ఉంది. మదురైలో జేసు సభ గురువు రాబర్టు దె నొబిలి సన్యాసి వేషంలో బోధిస్తూ, మతం మారినవారు యజ్ఞోపవీతం, పిలక, గంధం ఉంచుకోవచ్చని వాదించగా, పోపు పదిహేనవ గ్రెగరీ 1623లో షరతులతో అనుమతించాడు. తెలుగు ప్రాంతానికి వచ్చిన ఫ్రెంచి గురువులు ఆ బాటలోనే కాషాయం కట్టి, శాకాహారులై మెలిగారు. అయితే పోపు ప్రతినిధి కార్డినల్ తూర్నోన్ 1704లో పుదుచ్చేరిలో ఇచ్చిన ఆజ్ఞ అనేక స్థానిక ఆచారాలను నిషేధించింది. ఆవుపేడ భస్మాన్ని క్రైస్తవులు నుదుట ధరించడం వాటిలో ఒకటి. దశాబ్దాల వాదోపవాదాల తర్వాత 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్టు ఆ నిషేధాలను ప్రధానంగా ఖాయం చేశాడు. బూడిద బుధవారపు భస్మానికి ఈ నిషేధం వర్తించలేదు. కాబట్టి శైవాన్ని చూసి చర్చి బూడిద తెచ్చుకుందన్న మాట చరిత్రకు తలకిందులు. బెనెవెంతో సభ నాటికి ఆ ఆచారం ఐరోపాలో స్థిరపడింది, తెలుగు నేల మీద చర్చి చేసింది విభూతిని దూరం పెట్టడం.

కడుక్కోవాలా, ఉంచుకోవాలా

ఆ రోజు పూజలో చదివే సువార్త మత్తయి ఆరో అధ్యాయం. ఉపవాసం ఉన్నట్టు మనుషులకు కనబడేలా ముఖం వికారం చేసుకోవద్దనీ, ‘నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము’ అనీ అది చెబుతుంది. అది విన్న కొద్ది నిమిషాలకే అందరి నుదుటా మసి గుర్తు పడుతుంది. బూడిదను వ్యతిరేకించే సంఘాలు చూపే మొదటి వచనం ఇదే. కతోలిక పక్షం జవాబు ఏమిటంటే, గుర్తు భక్తిని చాటుకోవడానికి కాదు, పాపినని ఒప్పుకోవడానికి. మొదటి పఠనంగా చదివే యోవేలు వాక్యమైన ‘మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని’ కూడా ఈ జాగ్రత్తే చెబుతుంది. రెండు వాదనలకూ బలముంది. ఆ ఉద్రిక్తతను దాచకుండా పూజలోనే చదవడం గమనార్హం. గుర్తును ఎంతసేపు ఉంచుకోవాలన్న నియమం ఏదీ లేదు.

ఆచరణలో దీనిని నిర్ణయించేది వేదాంతం కంటే లోకవ్యవహారం. పొద్దున పూజకు వెళ్లి బడికో ఆఫీసుకో వెళ్లేవారు గుర్తుతో వెళ్లాలా వద్దా అన్నది ఆలోచిస్తారు. సీమ క్రైస్తవుల్లో అధికశాతం దళిత కుటుంబాల నుంచి వచ్చినవారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే షెడ్యూల్డు కులాల హోదా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను బీసీ-సి కింద ఒక శాతం రిజర్వేషనుతో చేర్చారు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానించినా చట్టం మారలేదు. ధ్రువపత్రంలో ఒక మతం, ఆరాధనలో మరొకటిగా బతకాల్సివచ్చిన చోట ముఖం మీది గుర్తు కేవలం భక్తి చిహ్నంగా మిగలదు. ఇంగ్లండులోనో ఇటలీలోనో ఈ బరువు దానికి లేదు.

ఉపవాసం లెక్క

1983 నాటి కతోలిక ధర్మశాస్త్రం ప్రకారం బూడిద బుధవారం, శుభ శుక్రవారం రెండే కచ్చితమైన ఉపవాస దినాలు. 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 59 ఏళ్లు నిండేదాకా ఉపవాసం వర్తిస్తుంది. మాంస వర్జనం 14 ఏళ్లు నిండినవారందరికీ. ఉపవాసమంటే నిరాహారం కాదు. ఒక పూట కడుపు నిండా తినవచ్చు, మిగిలిన రెండు పూటలూ కలిపినా ఆ భోజనమంత కాకూడదు. మాంసం వద్దు గాని చేప, గుడ్డు, పాలు నిషిద్ధం కావు. సీమ కుటుంబాలు సాధారణంగా నియమం కంటే కఠినంగానే ఉంటాయి. గుడ్డు కూడా మానేసి సంగటి, ఊరిబిండి, పప్పుతో గడిపేవారు ఎక్కువ, నలభై రోజులూ కోడికూర ముట్టనివారూ ఉన్నారు. రంజాన్ ఉపవాసం పగటి వేళను బట్టి సాగుతుంది, శివరాత్రి ఉపవాసం జాగరణతో ముడిపడింది, ఇది మాత్రం పరిమాణం మీద ఆధారపడింది. కడపలో ముస్లిం ఇరుగుపొరుగుతో పోల్చుకుని ‘నీళ్లు కూడా తాగకూడదా’ అని అడిగే పిల్లలకు జవాబు ఇక్కడ ఉంది. నీళ్లు తాగవచ్చు.

ఈ కాలంలో పెళ్లిళ్లు పెట్టుకోవడం అరుదు. బుధవారానికి ముందు వారాల్లో కొన్ని, ఈస్టరు తర్వాత ఎండల్లో చాలా జరుగుతాయి. దేవాలయంలో మహిమ గీతం, అల్లెలూయ ఆగిపోతాయి, పీఠం మీద పూలు తగ్గుతాయి, ప్రతి శుక్రవారం పద్నాలుగు స్థలాల సిలువ మార్గం ఉంటుంది.

ఎటు మారుతోంది

రెండు మార్పులు ఎదురెదురు దిశల్లో సాగుతున్నాయి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ప్రొటెస్టెంటు సంఘాలు పాత ఆరాధన క్రమాలను తిరిగి చేరదీశాయి. అమెరికా ఎపిస్కోపల్ సంఘం తన 1979 ప్రార్థనా గ్రంథంలో బూడిద పెట్టడాన్ని ఐచ్ఛికంగా చేర్చింది. ఆ ప్రభావం వేదాంత కళాశాలల్లో చదివివచ్చిన పాస్టర్ల ద్వారా సి.ఎస్‌.ఐ. సంఘాలకు చేరుతోంది. లండన్ మిషను జ్ఞాపకం బలంగా ఉన్న పెద్దలకు అది కొత్తగానే కాదు, కతోలికంగా కూడా తోస్తుంది. ఇంకోవైపు, యూట్యూబ్ బోధకుల ద్వారా వ్యాపించిన స్వతంత్ర సంఘాల ప్రభావంతో, పండుగల క్యాలెండరునే ప్రశ్నించే ధోరణి పాత సంఘాల యువతలో పెరుగుతోంది. ఒకే కుటుంబంలో తల్లి కతోలికురాలు, కొడుకు పెంతెకొస్తు అయిన ఇళ్లలో ఆ బుధవారం సాయంత్రం వాదన జరగడానికి ఇదే నేపథ్యం.

వీటికంటే నిశ్శబ్దంగా పనిచేసేది వలస. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు కూలి కుటుంబాలు జనవరి నుంచి మిరప కోతలకు గుంటూరు జిల్లాకు పోతాయి, బూడిద బుధవారం వచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ముందటి ఏడాది ఇంటికి తెచ్చిన మట్ట గుమ్మం మీదనే ఉండిపోతుంది, తెచ్చి ఇచ్చేవారు ఊళ్లో ఉండరు. కొన్ని విచారణల్లో (ఒక గురువు కింద ఉండే స్థానిక కతోలిక సంఘాల్లో) అందుకే మట్టలు చాలక, క్రైస్తవ వస్తువుల దుకాణాల్లో అమ్మే బూడిద పొట్లాల మీద ఆధారపడుతున్నారు. కోతల దగ్గర ఉన్నవారికి అక్కడి విచారణలో సాయంత్రం పూజ పెడితేనే ఆ గుర్తు దొరుకుతుంది. పగటి పూజ అయితే ఒక రోజు కూలి వదులుకోవాలి.